కంప్యూటర్ వివరాలు అడిగాం, ముందు ఖాతా తెరవమన్నాం: ఒక కేస్ స్టడీ

పాత కంప్యూటర్లను బాగుచేసి, వాటిలో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, జూనియర్ కళాశాలలకూ చిన్న గ్రంథాలయాలకూ అప్పగించడం మా బృందం చేసే పని. ఈ పనిలో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా వేధించే ప్రశ్న ఒకటుంది: ఏ యంత్రంలో ఏ భాగం మాట వింటుంది, ఏది మొరాయిస్తుంది? రెండు ల్యాప్‌టాప్‌ల పెట్టెల మీద ఒకే మోడల్ పేరు ఉంటుంది, లోపల వైఫై చిప్పులు మాత్రం వేర్వేరు. ఒక రకం పాత లేజర్ ప్రింటర్‌కు తన ఫర్మ్‌వేర్‌ను, అంటే తనను నడిపే ప్రోగ్రాంను, దాచుకునే చోటే ఉండదు. స్విచ్చి వేసిన ప్రతిసారీ కంప్యూటరే దాన్ని పంపాలి. ఈ సంగతి తెలియక కేబుల్ మార్చి, కార్ట్‌రిడ్జి మార్చి, చివరికి మంచి ప్రింటర్‌ను మూలన పడేసినవారిని చూశాను. తెనాలిలో ఒకరికి తెలిసిన విషయం కరీంనగర్‌లో ఇంకొకరికి అందితే చాలు, ఆ ప్రింటర్ మళ్లీ పనిలోకి వస్తుంది.

ఆ అందించే పని కోసమే ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్నాం. యంత్రంలోని పీసీఐ (లోపల బోర్డుకు అమర్చేవి), యూఎస్‌బీ పరికరాల జాబితా, ప్రాసెసర్, మెమరీ, కెర్నల్ (లినక్స్ మూల భాగం) వెర్షన్ ఇవి అదే చదువుకుంటుంది. ఆ తర్వాత మనిషిని తెలుగులో నాలుగు ప్రశ్నలు అడుగుతుంది: శబ్దం వస్తోందా? నెట్ అందుతోందా? ప్రింటర్ పనిచేస్తోందా? మూత వేసి తెరిస్తే తెర మళ్లీ వెలుగుతోందా? జాబితా యంత్రం ఇస్తుంది గానీ ఈ నాలుగింటికీ జవాబు ఎదుట కూర్చున్న మనిషే చెప్పాలి. మాకు నిజంగా విలువైనవి ఆ నాలుగు జవాబులే.

మొదటి రూపంలో వివరాలు పంపాలంటే ముందు ఖాతా తెరవాలి. ఆ నిర్ణయం నాదే. మెయిల్, ఫోను నంబరు, పాస్‌వర్డ్, ఫోనుకు వచ్చే ఓటీపీ, అన్నీ పూర్తయ్యాకే "పంపు" అన్న మీట కనిపించేది. ఎందుకలా అంటే మూడు కారణాలు చెప్పుకున్నాం. ఎవరైనా చెత్త వివరాలు కుమ్మరిస్తే ఆపగలగాలి. ఒకే యంత్రం పదిసార్లు లెక్కలోకి రాకూడదు. జవాబులో అనుమానం వస్తే మళ్లీ అడిగే దారి ఉండాలి. కాగితం మీద చూస్తే మూడూ సబబైనవే. కూర్చుని మాట్లాడుకున్నవాళ్లలో ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. మాలో ప్రతివాళ్లకూ సొంత ఫోనూ సొంత మెయిలూ ఉన్నాయి కాబట్టి అభ్యంతరం తోచలేదని ఇప్పుడు అర్థమవుతోంది.

ఒక జూనియర్ కళాశాల ల్యాబులో 20 యంత్రాల మీద దాన్ని నడిపించిన రోజు ఇంకా నా కళ్లముందే ఉంది. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలు. మూడో వరుసలో ఒక అమ్మాయి నాలుగు ప్రశ్నలకూ శ్రద్ధగా జవాబిచ్చింది. శబ్దం కోసం హెడ్‌ఫోన్ పెట్టి విని, కుడివైపు రావడం లేదని కూడా రాసింది. అంతకంటే మంచి నివేదిక మాకు ఎప్పుడూ రాలేదు. తర్వాత ఖాతా పేజీ వచ్చింది. అక్కడ ఆ పిల్ల చేతులు ఆగిపోయాయి.

"మేడమ్, నాకు మెయిల్ లేదండీ. మా అన్నయ్యది ఉంది. ఓటీపీ తన ఫోనుకే వస్తుంది, తను ఇప్పుడు డ్యూటీలో ఉంటాడు."

పక్క వరుసలో ఒక అబ్బాయి తండ్రి నంబరు వేసి, మళ్లీ చెరిపేశాడు. ఎందుకని అడిగితే, "నంబరు ఎక్కడెక్కడో ఇస్తున్నానని నాన్న కోప్పడతారండీ" అన్నాడు. ల్యాబ్ అసిస్టెంట్ నా దగ్గరకు వచ్చి నెమ్మదిగా ఒక మాట అడిగారు: "కంప్యూటర్ కాలేజీది కదండీ. దాని సంగతి చెప్పడానికి పిల్లల నంబర్లు ఎందుకు?"

నా దగ్గర జవాబు లేదు. పీరియడ్ అయిపోతోంది. ఆయనే తన మెయిల్‌తో ఒక ఖాతా తెరిచి, 20 యంత్రాల దగ్గరా దాన్నే వాడారు. సాయంత్రం సర్వర్‌లో చూస్తే ఒకే ఖాతా కింద ఇరవై నివేదికలు ఉన్నాయి. కుడి చెవికి శబ్దం రాని యంత్రం వాటిలో ఏదో గుర్తించలేకపోయాను. ఆ అమ్మాయి రాసిన జవాబు, పేజీ రెండోసారి తెరిచినప్పుడు చెరిగిపోయింది.

ఖాతా పెట్టడానికి మేము చెప్పుకున్న మూడు కారణాలనూ ఆ ఒక్క పీరియడే పరీక్షించింది. ఒకే యంత్రం మళ్లీ మళ్లీ రాకుండా చూడాలన్నాం. తీరా ఖాతా గుర్తించేది మనిషిని, మాకు కావలసింది యంత్రం గుర్తు. మన దగ్గర ఒక కంప్యూటర్‌ను పదిమంది వాడతారు, ఒక మనిషి పది కంప్యూటర్లను చూసుకుంటాడు. ల్యాబులో, గ్రంథాలయంలో, జిరాక్స్ దుకాణంలో ఎక్కడ చూసినా ఇదే పరిస్థితి. మనిషికీ యంత్రానికీ ముడిపెడితే లెక్క అక్కడే తప్పుతుంది. మళ్లీ అడిగే దారి కావాలన్నాం. దొరికింది డ్యూటీలో ఉన్న ఎవరో అన్నయ్య నంబరు. ఇక చెత్తను ఆపడం సంగతి. చెత్త పంపాలనుకునేవాడికి ఒక దొంగ మెయిల్ పుట్టించడం ఎంత సేపు? ఆగిపోయింది హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్న పిల్ల.

ఇందులో శ్రమ ఒక పాలు మాత్రమే. రెండు నిమిషాల పనికి అయిదు నిమిషాల ముందు పని పెట్టడం తప్పే, కానీ అసలు అడ్డంకి అది కాదని నా అభిప్రాయం. "ఈ కంప్యూటర్‌లో సౌండ్ వస్తోందా?" అని అడిగితే ఎవరైనా చెబుతారు. దారి అడిగినవాడికి దారి చెప్పినట్టే అది. దారి చెప్పబోయే ముందు "మీ పేరు, ఫోను నంబరు చెప్పండి" అంటే మనిషి వెనక్కి తగ్గుతాడు. అడిగినవాడి మీద అనుమానం మొదలవుతుంది. ఖాతా పేజీ చేసింది అదే. అప్పటిదాకా యంత్రం గురించి సాగుతున్న మాట, ఒక్క పేజీతో మనిషి గురించిన మాటగా మారిపోయింది. ఆ అబ్బాయి నంబరు చెరిపేసింది బద్ధకం వల్ల కాదు, ఇంట్లో నేర్పిన జాగ్రత్త వల్ల. ఆ జాగ్రత్త మంచిదే. దాన్ని దాటమని అడిగే హక్కు మాకు లేదు.

చట్టం సంగతి కూడా నేను అప్పటిదాకా ఆలోచించలేదు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని ప్రకారం 18 ఏళ్లు నిండనివారి వ్యక్తిగత వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, అదీ సరిచూసుకోగల అనుమతి అయి ఉండాలి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత సులువుగా ఉండాలి. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు పదహారేళ్లు. ఒక సౌండ్ కార్డు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి మేము ఇరవై ఇళ్ల తలుపులు తట్టవలసిన స్థితిని మా చేతులతో మేమే తెచ్చుకున్నాం. మెయిల్, ఫోను నంబరు అసలు అడగకపోతే ఆ బరువులో చాలా భాగం మొదలే కాదు.

ఇదే పనిని ఇంతకుముందు చేసినవాళ్లు ఏ దారి పట్టారో ఆ తర్వాత కూర్చుని చూశాను. మొదటి రూపం రాయకముందే చేయవలసిన పని అది.

డెబియన్ అనే లినక్స్ రకంలో పాప్యులారిటీ కాంటెస్ట్ అనే ప్యాకేజీ ఉంది. ఏ సాఫ్ట్‌వేర్‌లు వాడుకలో ఉన్నాయో వారానికోసారి పంపుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక ప్రశ్న అడుగుతారు, ముందుగా "వద్దు" అనే ఎంపికై ఉంటుంది. ఖాతా లేదు. యంత్రానికి గుర్తుగా 128 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య ఒకటి ఉంటుంది, అంతే. ఫెడోరా అనే ఇంకో లినక్స్ రకం ఏడో వెర్షన్‌తో 2007లో స్మోల్ట్ అనే ప్రోగ్రాం వచ్చింది. అది మా పనికి ఇంకా దగ్గరిది, పంపేది హార్డ్‌వేర్ వివరాలే. కంప్యూటర్ మొదటిసారి తెరిచినప్పుడు, పంపబోయే వివరాలన్నీ తెర మీద చూపించి, పంపాలా వద్దా అని అడిగేది. దానికీ ఖాతా లేదు, యంత్రానికి యూయూఐడీ అనే గుర్తు సంఖ్య ఒకటి ఉండేది. పంపినదాన్ని చెరిపేయడానికి వేరే ఆదేశం ఒకటి ఉండేది. ఖాతా లేకపోతే చెరిపే హక్కు ఎలా ఇస్తామని మాలో ఒకరు వాదించారు. ఆ హక్కును స్మోల్ట్ ఎప్పుడో ఇచ్చింది. 2012లో స్మోల్ట్ ఆగిపోయింది గానీ ఈ పాఠం మిగిలింది. ఇదే పని చేస్తూ ఇప్పుడు నడుస్తున్న హెచ్‌డబ్ల్యూ ప్రోబ్ అనే ప్రోగ్రాం కూడా ఖాతా అడగదు. యూజర్ పేరు, ఐపీ చిరునామా, సీరియల్ నంబర్ల వంటివి అప్‌లోడ్ చేయదు. పంపగానే ఒక లింకు చేతికిస్తుంది.

ఉబుంటు అనే మరో లినక్స్ రకం ఉదాహరణ చూస్తే ఇంకో కోణం కనబడుతుంది. 18.04 వెర్షన్ 2018 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు, మొదటిసారి లాగిన్ అయ్యాక ఒక కిటికీలో సిస్టమ్ వివరాలు పంపమంటారా అని అడిగారు. ఏం పంపుతారో అక్కడే చదువుకోవచ్చు. ఖాతా లేదు. కొన్ని వారాల తర్వాత ఉబుంటును తయారుచేసే కెనానికల్ సంస్థ ప్రకటించిన లెక్క ప్రకారం 67 శాతం మంది సరేనన్నారు. ఈ అంకెను చూసి నేను మొదట సంబరపడ్డాను, తర్వాత కాస్త తగ్గాను. అక్కడ "సరే" ముందుగానే ఎంపికై ఉంటుంది. తొందరలో తర్వాత పేజీకి వెళ్లిపోయినవారు కూడా సరేనన్నవారి లెక్కలోకే వస్తారు. కాబట్టి ఆ 67లో ఖాతా లేకపోవడం పాలెంతో, ముందే పెట్టిన ఎంపిక పాలెంతో విడదీయలేం. మా దగ్గర ఆ కిటుకు వాడకూడదనుకున్నాం. స్వచ్ఛందంగా ఇమ్మని అడిగేటప్పుడు జవాబు మనమే రాసిపెట్టి ఉంచడం నాకు నచ్చదు.

మా రెండు రూపాల మధ్య కూడా పోలిక సరిగ్గా కుదరదు. ఖాతా తీసేసిన సమయంలోనే ప్రశ్నల భాష మార్చాం, కళాశాలలు మారాయి. అందుకే మా నివేదికల సంఖ్య పెరిగిందని చెప్పి దాన్ని రుజువుగా పెట్టను. రుజువు కావాలంటే బెంజమిన్ మాకో హిల్, ఆరన్ షా అనే పరిశోధకులు చేసిన పరిశీలన చూడాలి. అప్పటిదాకా ఎవరైనా రాయగలిగి, ఒక్కసారిగా ఖాతా తప్పనిసరి చేసిన 136 వికీలను (వికీపీడియాలా చదివేవారే రాసే సైట్లను) వాళ్లు మార్పుకు ముందూ తర్వాతా పోల్చారు. కొత్త ఖాతాలు కాస్త పెరిగాయి. నాసిరకం రాతలు బాగా తగ్గాయి. ఇంతవరకూ ఖాతా పెట్టేవారు ఆశించేదే. అయితే ఆగిపోయిన రాతల్లో అత్యధిక భాగం మంచివే. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ఇంకొకటి: అంతకుముందే ఖాతా ఉన్నవారి రాతలు కూడా తగ్గాయి. తలుపు మూసింది బయటివారికి. ఆ మూసిన తలుపు లోపలివారి ఉత్సాహాన్నీ తగ్గించింది. వికీ రాత, హార్డ్‌వేర్ నివేదిక ఒకటి కాదు, నిజమే. నివేదిక పంపేవాడు సాధారణంగా ఒక్కసారే పంపుతాడు, తిరిగి రాడు. ఒక్కసారి ఇచ్చి వెళ్లేవాడికి ఖాతా ఇంకా బరువు అవుతుందని నా నమ్మకం.

దీనికి ఎదురు నిలిచే ఉదాహరణను దాచిపెట్టడం న్యాయం కాదు. గ్రహాంతర జీవుల సంకేతాలను జనం కంప్యూటర్ల సాయంతో వెతకడానికి అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి 1999 మే 17న మొదలై, 2020 దాకా నడిచిన సెటీ ఎట్ హోమ్‌కు ఖాతా ఉండాల్సిందే. అయినా 50 లక్షల మందికి పైగా తమ కంప్యూటర్ల ఖాళీ సమయాన్ని దానికి ఇచ్చారు. ఎందుకంటే అక్కడ ఖాతా అనేది ఇచ్చేవాడికే పనికొచ్చేది. తన కంప్యూటర్ ఎంత పని చేసిందో చూసుకోవచ్చు, జట్టు కట్టవచ్చు, వరుసలో తన స్థానం ఎంతో చెప్పుకోవచ్చు. మా ఖాతాలో ఆ అమ్మాయికి ఏముంది? పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకునే భారం తప్ప ఏమీ లేదు. ప్రోటీన్ల కదలికలను అలాగే జనం కంప్యూటర్లతో లెక్కగట్టడానికి 2000లో మొదలైన ఫోల్డింగ్ ఎట్ హోమ్ ఇంకా తెలివైన పద్ధతి పట్టింది. పేరు చెప్పకుండానే చేరవచ్చు. గుర్తింపు కావాలనుకున్నవారు పాస్‌కీ అనే రహస్య కోడ్ తీసుకుంటే, పని త్వరగా తిరిగి ఇచ్చినందుకు అదనపు పాయింట్లు వస్తాయి. 2020 మార్చిలో కోవిడ్ మీద పనిచేయడానికి జనం వెల్లువలా వచ్చినప్పుడు ఆ వ్యవస్థ మొత్తం సామర్థ్యం ఎక్సాఫ్లాప్‌ను, అంటే సెకనుకు ఒకటి పక్కన 18 సున్నాలన్ని లెక్కలను, దాటింది. ఆ వెల్లువకు ఖాతా లేకపోవడమే కారణమనను. వచ్చినవారికి గుమ్మం దగ్గర అడ్డం లేకపోవడం మాత్రం నిజం.

ఇక మా రెండో రూపం. ఇప్పుడు ప్రోగ్రాం తెరవగానే ప్రశ్నలే కనబడతాయి. జవాబులయ్యాక పంపబోయేదంతా తెర మీద వస్తుంది, ఏ వరుసనైనా తుడిచేయవచ్చు. "పంపు", "వద్దు" అని రెండు మీటలుంటాయి, ఏదీ ముందుగా ఎంపికై ఉండదు. నెట్ లేని చోట పెన్‌డ్రైవ్‌లో దాచుకునే వీలుంది. ఇంతవరకు తేలికగానే సాగింది. మనిషిని వదిలేసి యంత్రాన్ని గుర్తించడం దగ్గర మాత్రం నెలల తరబడి ఇబ్బంది పడ్డాం.

యంత్రానికి ఒక యాదృచ్ఛిక సంఖ్య ఇస్తే సరిపోతుందనుకున్నాం. లినక్స్ ఇన్‌స్టాల్ అయినప్పుడే పుట్టే మెషిన్ ఐడీ ఉంది కదా, దాన్నే వాడాం. తీరా చూస్తే ఒక ల్యాబ్ నుంచి వచ్చిన నివేదికలన్నీ ఒకే యంత్రానివిగా కనిపించాయి. కారణం చిన్నదే. ల్యాబులో ఎవరూ 20 యంత్రాలకు విడివిడిగా ఇన్‌స్టాల్ చేయరు. ఒకదానికి చేసి, ఆ డిస్కును మిగతావాటికి క్లోన్ చేస్తారు, అంటే ఉన్నదున్నట్టు నకలు తీస్తారు. సంఖ్య కూడా దానితోపాటే అన్నిటికీ వెళ్లిపోతుంది. సరే, మదర్‌బోర్డు సీరియల్ నంబరు తీసుకుందామన్నారు ఒకరు. అసెంబుల్ చేసిన కంప్యూటర్లలో ఆ గడి తెరిస్తే చాలాసార్లు కనిపించేది నంబరు కాదు, "తయారీదారు నింపవలసినది" అని అర్థం వచ్చే ఒక ఇంగ్లిష్ వాక్యం. ఎవరూ నింపలేదు. పది కంపెనీల బోర్డులు, అన్నిటిలో అదే వాక్యం.

మిగిలింది నెట్‌వర్క్ కార్డు చిరునామా. దాన్ని నేరుగా కాకుండా హ్యాష్ చేసి, అంటే ఒక గణిత సూత్రంతో వేరే సంఖ్యగా మార్చి, పంపుదామన్నారు. ఇక్కడ నేను పట్టుబట్టి అడ్డుపడ్డాను. ఆ చిరునామా 48 బిట్లు, అందులో మొదటి సగం తయారీదారు గుర్తు. తయారీదారు ఎవరో తెలిస్తే మిగిలేవి 24 బిట్లు, అంటే 1,67,77,216 అవకాశాలు. ఒక మామూలు ల్యాప్‌టాప్ వాటన్నిటినీ హ్యాష్ చేసి పోల్చడానికి ఎక్కువ సేపు పట్టదు. రహస్యమని చెప్పి తేలికగా విప్పగలిగే మూటను ఇవ్వమనడం కంటే, ఖాతా అడగడమే నిజాయితీ అనిపించింది.

చివరికి కుదిరిన పద్ధతి చాలా మామూలుది. సంఖ్య ఇన్‌స్టాల్ సమయంలో పుట్టదు, మొదటి నివేదిక పంపే క్షణంలో పుడుతుంది. క్లోన్ చేసేనాటికి అది ఉండదు కాబట్టి నకలు కాదు. వివరాలు పంపాక క్లోన్ చేస్తే మాత్రం సమస్య తిరిగి వస్తుంది. అలాంటప్పుడు ఒకే సంఖ్యతో వేర్వేరు ప్రాసెసర్, మెమరీ వివరాలు వస్తాయి, సర్వర్ వాటిని విడదీసి పక్కన పెడుతుంది. ఆ కాసిన్ని నివేదికలను మేమే చేత్తో చూస్తాం. చెత్తను ఆపడానికీ ఇలాంటి పరిశీలనే చాలింది. ప్రతి పీసీఐ పరికరానికీ తయారీదారు సంఖ్య, పరికరం సంఖ్య ఉంటాయి. ఇంటెల్‌ది 8086. కల్పించి రాసిన జాబితాలో ఈ జతలు కుదరవు.

ఖాతా లేనంత మాత్రాన ఇచ్చినవారు ఎవరో తెలియదని ధీమాగా ఉండకూడదు. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో ప్రచురించిన పరిశీలనలో, పరీక్షకు వచ్చిన బ్రౌజర్లలో 83.6 శాతం వాటి సొంత లక్షణాలను బట్టే మిగతావాటిలో ఒంటరిగా తేలిపోయాయి. పేరు చెప్పలేదు, ఖాతా తెరవలేదు, అయినా గుర్తుపట్టవచ్చు. అరుదైన గ్రాఫిక్స్ కార్డు, పాత స్కానర్, ఒక రకం ప్రింటర్ కలిసి ఉన్న యంత్రం జిల్లా మొత్తంలో ఒకటే ఉండవచ్చు. అందుకే మేము ఊరి పేరు అడగడం మానేశాం. యంత్రాల పూర్తి నివేదికలు బయట పెట్టం, పరికరం వారీగా "పనిచేసింది, చేయలేదు" అన్న లెక్కలే పెడతాం. "మేము ఖాతా అడగం" అన్న మాటను గొప్పగా రాసుకుని, వెనకాల అన్నీ దాచుకుంటే అది ఖాతా అడగడం కంటే పెద్ద తప్పు.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. ఒక నివేదికలో "నెట్ అప్పుడప్పుడు పోతోంది" అని ఉంటే, ఎప్పుడు పోతోందో అడగడానికి మనిషి లేడు. ఆ లోటు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పంపడం పూర్తయ్యాక, "మేము మిమ్మల్ని ఏదైనా అడగవలసి వస్తే ఎలా?" అని ఒక ఖాళీ గడి ఉంచాం. 18 ఏళ్లు నిండినవారే నింపాలని పక్కనే రాశాం. నింపేవారు తక్కువ. నింపినవారు మాత్రం అడిగితే ఓపికగా జవాబిస్తారు. ఇవ్వాలనుకునే ఇచ్చిన నంబరు కదా అది.

దిద్దుబాటుకూ తొలగింపుకూ స్మోల్ట్ దారే పట్టాం. నివేదిక చేరగానే ఎనిమిది అక్షరాల కోడ్ ఒకటి తెర మీద వస్తుంది. అది ఎవరి చేతిలో ఉంటే వారు ఆ నివేదికను తెరవవచ్చు, మార్చవచ్చు, చెరిపేయవచ్చు. జనం దాన్ని పారేసుకుంటారని మేము భయపడ్డాం. పారేసుకున్నవారు ఉన్నారు. ఆ మొదటి కళాశాలకు మళ్లీ వెళ్లినప్పుడు ల్యాబ్ అసిస్టెంట్ తన స్టాక్ రిజిస్టర్ తెరిచి చూపించారు. ప్రతి యంత్రం నంబరు పక్కన ఎర్ర సిరాతో ఆ ఎనిమిది అక్షరాలు రాసి ఉన్నాయి. పదకొండో యంత్రానికి వారం కిందటే నెట్‌వర్క్ కార్డు మార్చారట. ఆయన నా ఎదుటే కోడ్ కొట్టి, పాత నివేదిక తెరిచి, కార్డు పేరు సరిదిద్ది, "నెట్ అందుతోందా?" దగ్గర "అవును" నొక్కి, రిజిస్టర్‌లో ఆ వరుస చివర తేదీ వేశారు.